పులికాట్‌కు పూడిక తీత ఒక్కటే సరిపోదు

ఎండలు ముదిరేసరికి పులికాట్ గురించి ఏటా ఒకే కబురు వస్తుంది. సముద్రానికి తెరుచుకునే ముఖద్వారాలు పూడిపోయాయని, ఉత్తరపు వైపు నేల బీటలు వారిందని, వలలు చుట్టిపెట్టి జాలర్లు కూలిపనులకు ఊళ్లు వదిలారని. దాని వెనకే ప్రభుత్వం మాట: పూడిక తీయిస్తాం. అక్టోబరులో వానలు దిగుతాయి, సరస్సు నిండుతుంది, ఫ్లెమింగోలు వాలతాయి. ఎండాకాలపు గోడు మళ్లీ ఎండాకాలం దాకా ఎవరికీ పట్టదు.

పూడిక తీయడం తప్పు కాదు, తీయాల్సిందే. కానీ పులికాట్‌కు పట్టిన జబ్బు ఇసుక ఒక్కటే కాదు. ఈ సరస్సు మూడు కదలికల మీద బతుకుతుంది. సముద్రం లోపలికి వచ్చి పోవాలి. ఏళ్లలోంచి మంచినీళ్లు వచ్చి కలవాలి. సరస్సు లోపల కూడా నీళ్లు దక్షిణం నుంచి ఉత్తరానికి, ఉత్తరం నుంచి దక్షిణానికి అడ్డులేకుండా నడవాలి. ఈ మూడూ దెబ్బతిన్నాయి. ప్రభుత్వాలు మాత్రం మొదటిదాని గురించే మాట్లాడుతున్నాయి. మిగిలిన రెంటినీ వదిలేసి ఎన్ని డ్రెడ్జర్లు దించినా, తీసిన ఇసుక కొన్నాళ్లకు మళ్లీ అక్కడికే వచ్చి చేరుతుంది.

సరస్సు ఎలా బతుకుతుంది

ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత మన దేశంలో పెద్దది పులికాట్. పొడవు దాదాపు 60 కిలోమీటర్లు. వెడల్పు కొన్నిచోట్ల పావు కిలోమీటరు కూడా ఉండదు, కొన్నిచోట్ల 17 కిలోమీటర్లు దాటుతుంది. దక్షిణపు కొస తమిళనాడులో ఉన్నా, పెద్ద భాగం మనదే. తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాలను ఒరుసుకుంటూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. అయినా తరతరాలుగా దీన్ని నెల్లూరు జిల్లా సరస్సు అనే పిలిచాం, ఈ వ్యాసంలోనూ అలాగే అనుకుందాం. తూర్పున శ్రీహరికోట దీవి సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య గోడలా నిలబడింది. ఆ గోడకు అక్కడక్కడా ఉన్న సందులే ముఖద్వారాలు: దక్షిణాన తమిళనాడులోని పళవేర్కాడు దగ్గర ఒకటి, మన వైపు రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర మరికొన్ని.

ఇంత విశాలమైన సరస్సుకు లోతు ఎంత? సగటున మీటరు. చాలాచోట్ల అంతకన్నా తక్కువే. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా కథంతా విప్పుకుంటుంది.

వెడల్పాటి పళ్లెంలో పోసిన నీళ్లు ఎంత త్వరగా ఇంకిపోతాయో, పులికాట్ నీళ్లు ఎండకు అలా ఆవిరైపోతాయి. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మండు వేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుందాం. వంద రోజులకు 60 సెంటీమీటర్లు. మీటరు లోతున్న చోట మిగిలేది 40 సెంటీమీటర్లు. నీళ్లు పోతాయి గానీ ఉప్పు పోదు. ఫిబ్రవరిలో కిలో నీటికి 20 గ్రాముల ఉప్పు ఉంటే, కొత్త నీరు రాకపోతే మే నాటికి అది 50 గ్రాములవుతుంది. సముద్రపు నీటిలో ఉండేది సుమారు 35 గ్రాములే. ఇది కాగితం మీది లెక్కే అయినా నిజానికి దూరం కాదు. వానాకాలంలో ఏళ్లు కలిసే చోట పులికాట్ ఉప్పదనం దాదాపు సున్నాకు దిగుతుంది, ఎండాకాలంలో 52 గ్రాముల దాకా ఎక్కుతుంది. ముఖద్వారం తెరిచి ఉంటే పోటు వచ్చినప్పుడల్లా సముద్రం లోపలికి వచ్చి ఆ ఉప్పును పలచబరుస్తుంది. మూసుకుపోతే సరస్సు ఉప్పుమడిగా మారుతుంది.

ముఖద్వారం ఉప్పును అదుపులో పెట్టడంతోనే ఆగదు, సరస్సుకు ప్రాణాన్ని తెచ్చి పోసేదీ అదే. రొయ్య జీవితం చూడండి. తెల్ల రొయ్యగానీ టైగర్ రొయ్యగానీ సముద్రంలోనే గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు కంటికి ఆనీ ఆననంత చిన్నగా ఉండగానే పోటుతోపాటు ముఖద్వారంలోంచి సరస్సులోకి వస్తాయి. ఇక్కడి నిలకడ నీటిలో, గడ్డిలో, బురదలో మేసి కొన్ని నెలల్లో ఎదుగుతాయి. ఎదిగాక పాటుతో సముద్రానికి తిరిగి వెళ్తాయి. అలా వెళ్లే దారిలోనే జాలరి వల పెడతాడు. మండపీత కూడా అంతే, ఆడపీత గుడ్లు విడవడానికి సముద్రానికి వెళ్లాలి. సరస్సులో దొరికే చాలా రకాల చేపలదీ ఇదే రాకపోక. ఇవేవీ సరస్సులో సొంతంగా పుట్టి పెరిగి సంతతిని నిలుపుకునేవి కావు. కాబట్టి పిల్లలు రావాల్సిన నెలల్లో ముఖద్వారం మూసి ఉంటే, ఆ తర్వాత ఎంత పెద్ద వాన పడి సరస్సు తొణికిసలాడినా వలలో పడేదేమీ ఉండదు. నీళ్లు కనిపిస్తున్నాయి కదా, ఇంకేం బాధ అని అడిగే అధికారులకు ముందుగా చెప్పాల్సింది ఇదే.

ఇసుక ఎందుకు చేరుతుంది

మన తీరం వెంట ఇసుక ఒకచోట ఉండదు. నైరుతి గాలుల కాలంలో అలలు దాన్ని ఉత్తరానికి నెడతాయి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. ఈ ఇసుక ముఖద్వారం ముందుకు వచ్చి అడ్డంగా మేట వేస్తుంది. దాన్ని తోసేయగలిగేవి రెండే. వానాకాలంలో సరస్సు నుంచి సముద్రానికి ఉరికే వరద ఒకటి. రోజూ పోటుకు వచ్చి పాటుకు వెళ్లే నీటి ఒరవడి రెండోది.

సరస్సు లోతుగా, విశాలంగా ఉంటే పోటుకు లోపలికి వచ్చే నీరు ఎక్కువ, పాటుకు బయటికి వెళ్లేటప్పుడు దాని బలమూ ఎక్కువ, ఇసుక కొట్టుకుపోతుంది. సరస్సు మెరక వేసేకొద్దీ లోపలికి పట్టే నీరు తగ్గుతుంది, ఒరవడి మందగిస్తుంది, ముఖద్వారం ఇరుకవుతుంది. ఇరుకైన సందులోంచి ఇంకా తక్కువ నీరు వస్తుంది. లోపల మట్టి ఇంకా పేరుకుంటుంది. ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోయే ఈ చక్రంలో ఒకసారి పడితే సరస్సు తనంతట తాను బయటపడలేదు. ఎక్కడో ఒకచోట మనిషి చెయ్యి వెయ్యాలి. ప్రశ్నల్లా ఎక్కడ వెయ్యాలన్నదే.

2023 నవంబరులో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం రాయదొరువు వైపు పూడిక తీతను పెద్ద పనిగా ప్రకటించింది. 2024లో ప్రభుత్వం మారిన తర్వాత కూడా ముఖద్వారాల మాటే ముందు వరసలో ఉంది. అటు తమిళనాడు, పళవేర్కాడు ముఖద్వారం ఏడాది పొడవునా తెరిచి ఉండేలా రెండు పక్కలా సముద్రంలోకి రాళ్ల గోడలు కట్టే పని చేపట్టింది. ఇసుకను అడ్డుకుని, నీటి ఒరవడిని ఒకే దారిలో బిగించి పంపడం ఆ గోడల పని. ఏటా తవ్వడం కన్నా ఇది మేలైన ఆలోచన. కానీ గోడ కడితే దాని వెనక ఇసుక పోగవుతుంది, దాని ముందున్న తీరానికి ఇసుక అందక కోత పడుతుంది. దీనికి ఉదాహరణ వెతుక్కుంటూ ఎంతో దూరం పోనక్కర్లేదు. చెన్నై ఓడరేవు గోడలు కట్టాక దక్షిణాన మెరీనా ఇసుకతో వెడల్పయింది, ఉత్తరాన రాయపురం తీరం కోసుకుపోయింది. రాయదొరువు దగ్గర మనమూ గోడలు కట్టాలనుకుంటే, ఉత్తరాన తూపిలిపాలెం వైపున్న పల్లెల తీరం ఏమవుతుందో ముందే లెక్కగట్టాలి. ఆ లెక్క ఆ పల్లెల వాళ్ల ముందు పెట్టాలి. గోడ కట్టడం మొదలయ్యాక అడిగే ప్రజాభిప్రాయానికి విలువ లేదు.

సరస్సును రెండుగా కోసిన రోడ్డు

పూడిక గురించి మాట్లాడినంతగా ఎవరూ మాట్లాడనిది సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నారు, 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. దీవికి చేరాలంటే సరస్సు దాటాలి. అందుకని సరస్సులోనే మట్టికట్ట పోసి రోడ్డు వేశారు. అక్కడక్కడా కల్వర్టులు పెట్టారు. ఆ రోడ్డు మీద వెళ్తూ రెండు వైపులా ఫ్లెమింగోలను చూసి మురిసిపోని వాళ్లుండరు. అటకానితిప్ప దగ్గర ఆగి ఫొటోలు తీసుకోని వాళ్లూ తక్కువే. ఆ కట్టే సరస్సును అడ్డంగా రెండు ముక్కలు చేసిందన్న సంగతి ఎక్కువమందికి తట్టదు.

కట్టకు దక్షిణాన ఉన్న ముక్కకు పళవేర్కాడు ముఖద్వారం ఉంది, ఆరణి, కాళంగి ఏళ్లున్నాయి. కాబట్టి అక్కడ ఎంతో కొంత నీరు నిలుస్తుంది. ఉత్తరపు ముక్కకు దక్షిణం నుంచి నీరు ఆ కొద్దిపాటి కల్వర్టుల్లోంచే రావాలి. పోటు బలం అక్కడికి చేరేసరికే అలిసిపోతుంది, కల్వర్టు దగ్గర ఆగిపోతుంది. ఒరవడి లేని చోట మట్టి అడుగుకు దిగుతుంది. దశాబ్దాలుగా ఇదే జరుగుతోంది. అందుకే ఎండాకాలంలో ఉత్తరపు భాగం మైళ్ల కొద్దీ తెల్లటి ఉప్పు పొరతో బయటపడుతుంది. రాయదొరువు ముఖద్వారాన్ని తెరవడం ఉత్తరపు ముక్కకు నిజంగా అవసరమే. అయితే కట్టకు రెండు వైపులా నీరు కలవనంత కాలం రెండు ముక్కలూ సగం బలంతోనే బతుకుతాయి. రెండు కలిసి ఒకే సరస్సుగా ఊపిరి తీస్తే లోపలికి వచ్చే నీరు పెరుగుతుంది. అప్పుడే ముఖద్వారాలు తమంతట తాము ఇసుకను నెట్టుకోగలుగుతాయి.

రోడ్డు తీసేయమని ఎవరూ అనడం లేదు. అనకూడదు కూడా. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) ఉండబట్టే అక్కడి అడవి చాలావరకు చెక్కుచెదరకుండా మిగిలింది. 2014 విభజన చట్టంలో దుగరాజపట్నం దగ్గర పెద్ద ఓడరేవు కడతామని, మొదటి దశ 2018 చివరికి పూర్తి చేస్తామని రాశారు. అది రాలేదు. రాకెట్ కేంద్రానికి దగ్గరగా ఉండటం, పక్కనే పులికాట్ ఉండటం, రెండూ ఆ చర్చలో బరువు తూగాయి. కాబట్టి ఈ సరస్సుకు అంతరిక్ష శాఖ శత్రువు కాదు. కట్టలో కొన్ని భాగాలను తీసి, వాటి బదులు స్తంభాల మీద వంతెనలు వేయడం ఇంజనీరింగ్ పరంగా ఆ శాఖకు పెద్ద పని కాదు. భారీ రాకెట్ భాగాలు వెళ్లే దారి గనుక రాకపోకలు ఆగకుండా ముక్కలు ముక్కలుగా, పక్కదారి వేసుకుని చేయాలి. ఖర్చవుతుంది. కానీ పులికాట్‌ను బతికించడానికి ఒకే ఒక్క పని చేయనిస్తామంటే నేను అడిగేది డ్రెడ్జర్ కాదు, ఈ వంతెనలే.

ఇదే సందర్భంలో ఇరకం దీవి గురించీ చెప్పాలి. తడ మండలంలోని భీములవారిపాలెం రేవు నుంచి పడవెక్కితేగానీ ఆ ఊరికి చేరలేం. నీరు తగ్గిన నెలల్లో పడవలు బురదలో దిగబడతాయి. పురిటి నొప్పులు పడే తల్లినీ, బడికి వెళ్లే పిల్లలనూ అలా తీసుకెళ్లాల్సి రావడం అన్యాయం. వాళ్లకు దారి కావాలి, అది వాళ్ల హక్కు. అయితే ఆ దారి కూడా మట్టికట్టగా పోస్తే శ్రీహరికోట రోడ్డు దగ్గర చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. స్తంభాల మీదే వేయాలి. కట్ట చవక, వంతెన ఖరీదు అన్న మాట వినబడ్డప్పుడు, కట్ట వల్ల సరస్సుకు అయ్యే నష్టాన్ని కూడా ఆ కట్ట ఖరీదులో కలిపి చూడాలి.

ఏటి నీళ్లు, చెరువుల నీళ్లు

మిగిలిన కదలిక మంచినీళ్లది. ఈశాన్య రుతుపవనాల్లో కాళంగి, ఆరణి మోసుకొచ్చే వరదే సరస్సును కడిగేది, ఉప్పును విరిచేది, ముఖద్వారం ఇసుకను తోసేది. ఎగువన చెరువులు, ఆనకట్టలు ఆ నీటిని పట్టి పొలాలకు ఇస్తాయి. అది రైతుకు అన్నం పెట్టే నీరు, వద్దనలేం. అయితే చిన్నపాటి వరదలన్నీ ఎగువనే ఆగిపోయి, పెద్ద తుపాను వచ్చినప్పుడు మాత్రం మొత్తం ఒక్కసారి దిగుతోంది. ఆ వేళకు ముఖద్వారం మూసి ఉంటే వరద బయటికి పోలేదు, వెనక్కి తన్ని ఊళ్లలోకి వస్తుంది. ముఖద్వారం మూతపడితే ఎండాకాలంలో కరువు, వానాకాలంలో ముంపు. రెండు దెబ్బలూ తగిలేది సరస్సు అంచు పల్లెలకే. అందుకని ముఖద్వారాన్ని ఈశాన్య వానలకు ముందే, సెప్టెంబరు నాటికే తెరిచి ఉంచాలి. టెండర్లు పిలిచి వానలయ్యాక జనవరిలో యంత్రాలు దించితే, ఆ ఏడాది వరద చేయాల్సిన పని ఎవరూ చేయలేరు.

నీటి సంగతిలో రొయ్యల చెరువులను దాటేసి వెళ్లలేం. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా రొయ్యల సాగు ఉప్పెనలా వచ్చింది. ఉప్పునీళ్లు పొలాల్లోకి, దొరువుల్లోకి దిగాయి. మేత, మందులు కలిసిన నీళ్లు కాలువల గుండా సరస్సుకు చేరాయి. సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996 డిసెంబరు 11న వచ్చిన తీర్పు చిలకా, పులికాట్ సరస్సుల పేర్లు పెట్టి మరీ చెప్పింది: వీటి చుట్టూ 1000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండకూడదు. నేలపట్టు పక్షుల కేంద్రాన్నీ ఆ రక్షణలో చేర్చింది. దేశంలో అతి తక్కువ సరస్సులకు ఇంత బలమైన కవచం దొరికింది. 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వా చట్టం సాగును రిజిస్ట్రేషన్ల కిందికి తెచ్చింది. ఇవాళ కొత్తగా చట్టం చేయనక్కర్లేదు. ఆ వెయ్యి మీటర్ల గీతను మ్యాపు మీద గీసి, సర్వే రాళ్లు పాతి, ఏటా కొలిస్తే చాలు. అది చేయకుండా సరస్సును కాపాడతామని చెప్పే ఏ పథకాన్నీ నేను నమ్మను.

వేరేచోట్ల ఏం చేశారు

ఎండిపోతున్న ఉప్పునీటి సరస్సును బతికించడానికి తంటాలు పడుతున్న ప్రభుత్వం మనదొక్కటే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు సాల్టన్ సీ 1905లో కొలరాడో నది కాలువ తెగి రెండేళ్లు నీళ్లు పారితే పుట్టిన సరస్సు. దానికి సముద్రంతో సంబంధం లేదు, పొలాల నుంచి వచ్చే మురుగునీరే ఆధారం. 2003లో కుదిరిన ఒప్పందంతో పొలాల నీరు నగరాలకు మళ్లింది, 2018 నుంచి సరస్సు మరింత వేగంగా కుంగింది. బయటపడిన అడుగు నుంచి లేచే దుమ్ము చుట్టుపక్కల పేద వ్యవసాయ కూలీల పిల్లలకు ఉబ్బసమై పట్టుకుంది. అక్కడి ప్రభుత్వం సరస్సు మొత్తాన్ని నింపలేనని తేల్చుకుని, 2028 నాటికి సుమారు 30,000 ఎకరాల్లో దుమ్ము అణచడం, పక్షులకు లోతు తక్కువ మడుగులు కట్టడం లక్ష్యంగా పెట్టుకుంది. మధ్య ఆసియాలో అరల్ సముద్రం పత్తి పొలాలకు నదులు మళ్లించడంతో ఎండింది. 2005లో కజకిస్తాన్ అడ్డంగా ఆనకట్ట కట్టి ఉత్తరపు ముక్కను మాత్రం కాపాడుకుంది. చేపలు తిరిగి వచ్చాయి. దక్షిణపు ముక్కను మాత్రం వదులుకోవాల్సి వచ్చింది.

వాళ్లకు నీరెక్కడి నుంచి తేవాలన్నదే గండం. మనకు ఆ గండం లేదు. సముద్రం కూతవేటు దూరంలో ఉంది. ఏ ముక్కనూ వదులుకోనక్కర్లేదు. అందుకే మనకు దగ్గరి పాఠం ఒడిశాది.

1990ల్లో చిలకా పరిస్థితి ఇవాళ్టి పులికాట్‌ను పోలి ఉండేది. సముద్రానికి వెళ్లే దారి ఇసుకతో పొడవైపోయి, సందు మూసుకుపోయి, చేపలు తగ్గి, కలుపు పెరిగింది. అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల్లో ప్రమాదంలో పడ్డవాటి జాబితాలోకి 1993లో చేరింది. ఒడిశా ప్రభుత్వం అంతకు ముందే చిలకా అభివృద్ధి సంస్థను పెట్టింది. ఆ సంస్థ తొందరపడి తవ్వలేదు. పుణెలోని కేంద్ర జల విద్యుత్ పరిశోధన కేంద్రంతో నీటి నడకను అధ్యయనం చేయించి, ఎక్కడ తెరిస్తే నిలబడుతుందో చూసుకుని, 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచింది. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. కొన్నేళ్లలోనే చేపల దిగుబడి అనేక రెట్లయింది. 2002లో చిలకా ఆ ప్రమాద జాబితా నుంచి బయటపడింది.

ఈ కథలో అందరూ ముఖద్వారాన్నే చూస్తారు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది ఆ సంస్థ. నీటిపారుదల, అటవీ, మత్స్య శాఖలు, ఎగువ నదీ పరీవాహకం, అన్నింటితో మాట్లాడే అధికారం ఒక్కచోట ఉంది. ఏటేటా కొలతలు తీసే సిబ్బంది ఉన్నారు. చిలకాలోనూ అంతా సవ్యంగా జరగలేదు. బయటివాళ్లు వలకట్లు కట్టి రొయ్యల సాగు చేస్తుంటే జాలర్లు తిరగబడ్డారు, 1999లో సోరానాలో పోలీసు కాల్పుల్లో మత్స్యకారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నీళ్లు బాగుపడినంత మాత్రాన ఆ నీళ్ల మీద హక్కు ఎవరిదన్న తగువు తీరదు. చిలకా నుంచి మనం ఇది కూడా నేర్చుకోవాలి.

ఎవరి చేతిలో ఉంది

పులికాట్‌ను ఎవరు చూసుకుంటున్నారు అని అడిగితే ఒక్క పేరు చెప్పలేం. మన వైపు సరస్సు 1976 నుంచి పక్షుల అభయారణ్యం గనుక అటవీ శాఖది. చేపలు మత్స్య శాఖవి. కాళంగి నీటిపారుదల శాఖది. అంచు భూములు రెవెన్యూవి. రోడ్డు రాకెట్ కేంద్రం కోసం వేసింది. దక్షిణపు కొస 1980లో తమిళనాడు విడిగా అభయారణ్యంగా ప్రకటించుకుంది. సరిహద్దు నీళ్ల మీద గీత గీసినట్టు కనబడదు గనుక రెండు రాష్ట్రాల జాలర్ల మధ్య వేట గొడవలు అప్పుడప్పుడూ రేగుతూనే ఉంటాయి. ఒక ముఖద్వారాన్ని చెన్నై నుంచి, ఇంకో ముఖద్వారాన్ని అమరావతి నుంచి విడివిడిగా తెరిస్తే, ఒకే సరస్సు నీటి నడకను ఇద్దరు ఒకరికొకరు చెప్పకుండా మారుస్తున్నట్టు.

రెండు రాష్ట్రాలూ, కేంద్రమూ, అంతరిక్ష శాఖా కలిసి కూర్చునే ఒక పులికాట్ సంస్థ కావాలి. 2017 చిత్తడి నేలల నిబంధనలు రాష్ట్రానికొక అధికార సంస్థను పెట్టించాయి గానీ, రెండు రాష్ట్రాల సరస్సుకు అది చాలదు. కేంద్రం డబ్బూ ఇవ్వగలదు. జలావరణ వ్యవస్థల పరిరక్షణ జాతీయ ప్రణాళిక 2013 నుంచి ఉంది. చిలకా 1981లోనే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, ఆంధ్రలో 2002లో కొల్లేరుకు ఆ గుర్తింపు దక్కింది. చిలకా తర్వాత అంత పెద్దదైన పులికాట్‌కు ఇంకా దక్కలేదు. ఆ గుర్తింపు కోసం పట్టుబట్టాల్సిన బాధ్యత రెండు రాష్ట్రాలదీ. గుర్తింపు వచ్చినంత మాత్రాన బాగుపడదని కొల్లేరు చూపిస్తూనే ఉంది. అయినా దానితో వచ్చే కొలతలు, నివేదికలు, నిధులు పులికాట్‌కు అవసరం.

ఈ సంస్థలో జాలరి పల్లెలకు చోటుండాలి. సభలో మాల వేసి కూర్చోబెట్టడానికి కాదు, ఓటుతో. పట్టపు కులం వాళ్లకు పడవలు, వలలు ఉన్నాయి. యానాదులకు చాలామందికి అవీ లేవు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ చేత్తో రొయ్యలు ఏరుకుని బతికేవాళ్లు వాళ్లు. ఆ మోకాలి లోతు నీరే ముందుగా ఎండుతుంది. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు శ్రీహరికోట అడవి నుంచి కదలాల్సి వచ్చిన కుటుంబాలూ వీళ్లలోనే ఉన్నాయి. సరస్సు ఎండితే అందరికన్నా ముందు నష్టపోయే వీళ్ల పేర్లు నష్టపరిహారం జాబితాల్లో అందరికన్నా చివర వస్తాయి, పడవ లేకపోతే మత్స్యకారుడే కాదన్నట్టు.

వేట నిషేధ కాలపు భృతి సముద్రం లెక్కన గీసింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. 2025లో దాన్ని 20,000 రూపాయలకు పెంచారు, మంచిదే. సరస్సు మాత్రం ఆ తేదీలు చూసుకుని ఎండదు. ముఖద్వారం త్వరగా మూసుకుపోయిన ఏడాది ఫిబ్రవరికే వల ఖాళీగా వస్తుంది, వానలు ఆలస్యమైతే అక్టోబరు దాకా అదే తీరు. ముఖద్వారం మూసి ఉన్న నెలలను బట్టి సరస్సు జాలర్లకు విడిగా భృతి లెక్కగట్టాలి. అప్పుడు ముఖద్వారం ఎన్నాళ్లు మూసి ఉంటే ప్రభుత్వానికి అంత ఖర్చు. ఇసుక పేరుకుందని తెలిసిన రోజే పని మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి ఒత్తిడి ఉండదు.

2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ జరుగుతోంది. కొన్నేళ్లు ఆగినా 2025 జనవరిలో మళ్లీ జరిపారు. పండగ జరగాలి, పిల్లలు పక్షులను చూడాలి. పండగ మైదానంలోనే ఒక పెద్ద బోర్డు కూడా పెట్టాలి: మూడు ముఖద్వారాల దగ్గరా, శ్రీహరికోట కట్టకు రెండు వైపులా నీటి లోతు ఎంత, ఉప్పదనం ఎంత, గత ఏడాది ఇదే నెలలో ఎంత ఉంది అని. అదే బోర్డు రాయదొరువు, కొండూరుపాలెం, భీములవారిపాలెం, ఇరకం పంచాయతీ కార్యాలయాల గోడల మీద నెలనెలా మార్చి రాయాలి. అంకెలు తెలుగులో ఉండాలి, జాలరి చదవగలిగేలా ఉండాలి. డ్రెడ్జర్ దిగిన నెల, ఆగిన నెల, తీసిన ఇసుక ఎక్కడ పోశారు అన్నవీ అందులోనే ఉండాలి. కొలిచే పనికి పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే అక్టోబరు వానలకు ముందే ఇది మొదలుపెట్టవచ్చు.